రాజమండ్రా, కాకినాడా, భీమవరమా? గోదావరి డెల్టాలో కాపురానికి ఊరు ఎంచుకునే పద్ధతి

బదిలీ మీద వస్తున్నవాళ్లు, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నవాళ్లు, రిటైరయ్యాక సొంత జిల్లాకి వచ్చేద్దామనుకునేవాళ్లు అందరూ అడిగేది ఇదే: రాజమండ్రిలో ఉండమంటారా, కాకినాడ మంచిదా, భీమవరం వైపు చూడమంటారా? ఏ ఊరాయన్ని అడిగితే ఆయన తన ఊరే చెబుతాడు. అందుకని ఇక్కడ ఊరి పేరు చెప్పను. ఊళ్లను పక్కపక్కన పెట్టి తూచే పద్ధతి చెబుతాను.

నా లెక్కలో ఊరిని దాని చెడ్డ నెలలో చూడాలి. జనవరిలో డెల్టాలో ప్రతి ఊరూ బాగానే ఉంటుంది. మే నెలలో కుళాయి, ఆగస్టులో గోదావరి, అక్టోబరు, నవంబరులో వాయుగుండం. తేడాలు బయటపడేది అప్పుడే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి:

- ఊరికి రెండు పేజీల చొప్పున ఒక నోటు పుస్తకం
- చిన్న టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపిస్తుంది, ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతుంది)
- కొలత టేపు
- ఇంట్లో ప్రతి ఒక్కరూ వారంలో ఎక్కడెక్కడికి వెళ్తారో రాసిన పట్టీ

1 నుంచి 8 వరకు అద్దెకు వచ్చేవాళ్లకీ కొనేవాళ్లకీ ఒకటే. 9 అద్దెవాళ్లకు, 10 కొనేవాళ్లకు.

1. ముందు మీ రాకపోకలు రాయండి

ఊళ్ల పేర్లు తర్వాత. ముందు మనుషుల పేర్లు రాసి, ఎదురుగా వాళ్లు వెళ్లాల్సిన చోట్లు రాయండి. ఆఫీసు, స్కూలు, కాలేజీ, డాక్టరు, అమ్మానాన్నల ఊరు, పొలం. పక్కన వారానికి ఎన్నిసార్లో వేయండి.

చాలామంది ఆఫీసు ఒక్కటే రాసి ఆపేస్తారు. మన ప్రాంతంలో అసలు తిరుగుడు పొలం, పెద్దవాళ్ల చుట్టూనే ఉంటుంది. కొత్తపేట దగ్గర కొబ్బరితోట ఉండి, దింపు తీసినప్పుడల్లా మీరు వెళ్లక తప్పదనుకోండి. కాకినాడలో కాపురం పెడితే ఆ తోటకి రావడానికి సగం రోజు పోతుంది. రాజమండ్రిలో ఉంటే పూట పని. నెలనెలా కాకినాడ పెద్దాసుపత్రిలో చూపించుకోవాల్సిన మామ్మగారు ఇంట్లో ఉంటే లెక్క అటు తిరుగుతుంది.

పట్టీ పూర్తయ్యాక వారానికి మూడుసార్లకు మించిన ప్రయాణాల కింద గీత గీయండి. ఊరిని తేల్చేవి అవే. సినిమాలు, షాపింగ్ మాల్, బీచ్ దీంట్లో రాయొద్దు. అవి నెలకోసారి ఉండేవి, ఏ ఊళ్లో ఉన్నా కుదురుతాయి. తిండి సంగతి అసలే వద్దు. ఆత్రేయపురం పూతరేకులు ఏ ఊరికైనా వస్తాయి.

2. మూడు ఊళ్లకు మించి పెట్టుకోవద్దు

పట్టీ చూస్తే రెండు మూడు ఊళ్లే మిగలాలి. అంతకన్నా ఎక్కువ మిగిలాయంటే పట్టీ సరిగా రాయలేదనే. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు కార్పొరేషన్లు. భీమవరం, అమలాపురం, తణుకు, తాడేపల్లిగూడెం మునిసిపాలిటీలు. రెండు రకాలనూ ఒకే పట్టికలో పెట్టొచ్చు, తప్పేం లేదు. కాకపోతే పేట పేటకీ పోల్చాలి. "కాకినాడ" అంటే సర్పవరం వైపూ కాకినాడే, జగన్నాథపురం వైపూ కాకినాడే. రెండు చోట్లా బతుకు ఒక్కలా ఉండదు. రాజమండ్రిలో దానవాయిపేట, లాలాచెరువు, ధవళేశ్వరం కూడా అంతే. అందుకని ఊరికి రెండు పేటలు ఎంచి, వాటినే పోల్చండి.

కొన్ని విషయాలు పట్టికలోంచి ముందే కొట్టేయొచ్చు. ఈ ఊళ్లన్నిటికీ కరెంటు ఇచ్చేది ఈపీడీసీఎలే, కాబట్టి యూనిట్ ధర ఎక్కడైనా అదే. కోతల్లో మాత్రం తేడా ఉంటుంది, అది వీధిలో అడగాలి. స్టాంపు డ్యూటీ శాతమూ రాష్ట్రమంతా ఒకటే. ఆస్తి పన్ను, నీటి పన్ను మాత్రం ఊరినిబట్టి మారతాయి.

యానాం సంగతి వేరు. కాకినాడకి దగ్గరే, ఇళ్లూ బాగుంటాయి. కానీ అది పుదుచ్చేరి. కాపురం అక్కడ పెడితే రేషన్ కార్డు, ఓటు, బండి రిజిస్ట్రేషన్, పెన్షన్ పథకాలు అన్నీ అటు మారతాయి. అలా మారడం ఇష్టమైతేనే దాన్ని పట్టికలో చేర్చండి.

3. తాగే నీళ్లు: మే నెల పరీక్ష

డెల్టాలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. చుట్టూ నీళ్లే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

రాజమండ్రి ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన, గోదావరి ఒడ్డునే ఉంది. బ్యారేజీ దిగువ పట్టణాలు చాలావరకు కాలువ నీళ్ల మీద ఆధారపడ్డవి. తూర్పు డెల్టాలో రామచంద్రపురం, కాకినాడ వైపు, మధ్య డెల్టాలో కోనసీమ, పశ్చిమ డెల్టాలో తణుకు, భీమవరం, నరసాపురం వైపు కాలువలు వెళ్తాయి. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, మామూలుగా ఏప్రిల్ నెలలో, కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేది జూన్ మొదట్లో. తేదీలు ఏటా కాస్త అటూఇటూ అవుతాయి. ఈ మధ్యకాలమంతా పట్టణం తాగేది ముందే నింపి పెట్టుకున్న మంచినీళ్ల చెరువులోంచే. మే చివరికి ఆ చెరువు ఏ రంగులో ఉందో, కుళాయి ఎన్ని రోజులకోసారి వదులుతున్నారో చూస్తే ఆ ఊరి సంగతి సగం తెలిసిపోతుంది.

ఇక బోరు. డెల్టా మొదట్లో బోరు నీళ్లు తాగేలా ఉంటాయి. సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. కానీ ఇది గీత గీసినట్టు ఉండదు. కోనసీమ తీరంలో ఇసుక దిబ్బ మీద బావి తియ్యగా ఉంటుంది, నాలుగడుగులు పల్లంలోకి దిగితే నోట పెట్టలేం. కాబట్టి ఊరి బోరు గురించి ఎవరు ఏం చెప్పినా మీరు చేరబోయే ఇంటి బోరును మీరే కొలవండి.

కొలిచే వరస:

- మోటరు ఐదు నిమిషాలు నడిచాక నీళ్లు పట్టండి. ట్యాంకులో నిలవున్నవి వద్దు.
- టీడీఎస్ 500 లోపుంటే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లెక్క ప్రకారం తాగడానికి బాగున్నట్టే. వేరే దిక్కు లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. అది దాటితే ఒళ్లు కడుక్కోవడానికి కూడా చిరాకే.
- మీటరు ఉప్పునే కొలుస్తుంది. మురుగు కలిసిందీ లేనిదీ దానికి తెలియదు. కొనేవాళ్లయితే సీసాలో పట్టి ల్యాబుకి ఇవ్వండి.
- బాత్రూమ్ కుళాయిలు, గీజరు, టైల్స్ అంచులు చూడండి. తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటే ఇల్లుగలాయన ఏం చెప్పినా నీళ్లు కఠినమైనవే.
- సబ్బు రుద్ది చూడండి. నురగ రాకపోతే ఇంకో రుజువు అక్కర్లేదు.

ఆర్వో ఫిల్టరు పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది అంటారు. తాగడానికి సరిపోతుంది. వాషింగ్ మెషీన్‌కి, గీజరుకి, మొక్కలకి సరిపోదు. టీడీఎస్ ఎక్కువున్నచోట ఫిల్టరు పారబోసే నీళ్లు కూడా ఎక్కువే, మెంబ్రేను తొందరగా పోతుంది. రోజూ వాటర్ టిన్నులు కొనే ఇల్లయితే ఆ ఖర్చును అద్దెలో కలిపి రాయండి.

4. ముంపు: మూడు రకాలు, మూడు ప్రశ్నలు

"ఇక్కడ వరద వస్తుందా?" అని అడిగితే జవాబు "అబ్బే" అనే వస్తుంది. ప్రశ్నే తప్పు. ముంపు మూడు రకాలు, మూడింటినీ విడివిడిగా అడగాలి.

ఏటి వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. ప్రవాహంలో చెప్పాలంటే సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఈ మూడు అంకెలు గుర్తుపెట్టుకుని, "రెండో హెచ్చరికకి ఈ దారి ఉంటుందా?" అని అడగండి. గట్టు పక్కవాళ్లు ఠక్కున చెబుతారు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి వరదలో ముందుగా మునుగుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటాయి. 1986 తర్వాత అంత వరద అదే. ఆ జులైలో మీరు చూస్తున్న ఇంట్లోకి, వీధిలోకి ఏమొచ్చిందో అడగడం అన్నిటికన్నా సూటి పరీక్ష. ఏటిగట్టుకి ఏటివైపున్న ఏ ఇల్లయినా, ఎంత అందంగా ఉన్నా, పట్టికలోంచి తీసేయండి.

వాన ముంపు. ఇది పట్టణాల జబ్బు. కాకినాడ చదునైన నేల, సముద్రమట్టానికి దగ్గర. అమావాస్యకో పౌర్ణమికో సముద్రం పోటు మీదున్నప్పుడు పెద్ద వాన పడితే డ్రైన్లలో నీళ్లు దిగవు, పాటు వచ్చేదాకా వీధుల్లోనే ఉంటాయి. భీమవరంలో యనమదుర్రు డ్రైను నిండుగా ఉన్నప్పుడు ఇదే తంతు. రాజమండ్రి మెరకే కదా అనుకోవద్దు, అక్కడా ఆర్యాపురం లాంటి పల్లపు పేటలున్నాయి.

తుపాను. 1996 నవంబరు తుపాను కోనసీమకు ఏం చేసిందో పాతవాళ్లను అడిగితే చెబుతారు. గాలికి ఊరు మార్చుకోలేం. ఇల్లు ఎంచుకోవచ్చు. రేకుల షెడ్డు కన్నా శ్లాబు మేలు, ఇంటి మీద పడే కొబ్బరిచెట్లు చుట్టూ లేని చోటు మేలు.

వీధిలో చూడాల్సినవి:

- పాత ఇళ్ల ప్రహరీ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలవండి. కొత్తగా రంగు వేసిన గోడను నమ్మొద్దు, పక్కింటి గోడ చూడండి.
- రోడ్డు కన్నా గుమ్మం ఎత్తుగా ఉందా? రోడ్డు వేసినప్పుడల్లా కాస్త లేస్తుంది, ఇల్లు లేవదు. ఇరవై ఏళ్ల కింద మెరకగా కట్టిన ఇల్లు ఇవాళ పల్లంలో ఉండొచ్చు.
- వీధి డ్రైను ఎటు పారుతుందో, చివరికి ఏ కోడులో (పెద్ద మురుగు కాలువలో) కలుస్తుందో నడిచి చూడండి. మధ్యలో ఎవరో శ్లాబు వేసి మూసేసి ఉంటే వాన ముంపు ఖాయం.
- మీటరు బోర్డు, మోటరు ఎంత ఎత్తున బిగించారు? బాగా పైకి బిగించారంటే ఆ ఇంటాయనకి ఏదో అనుభవం అయ్యిందనే.

5. వంతెనలు, రేవులు, రైళ్లు

మ్యాపులో కిలోమీటర్లు చూసి మోసపోవద్దు. ఇది పాయల దేశం. ఎదురుగా కనిపించే ఊరికి వంతెన ఎక్కడుంటే అక్కడికి వెళ్లి తిరిగి రావాలి.

నరసాపురం నుంచి సఖినేటిపల్లి పంటు (మనుషుల్ని, బండ్లని దాటించే పెద్ద పడవ) మీద దాటితే పక్కనే. వరదొచ్చి పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుదీ అదే కథ. రోజూ దాటాల్సిన ఉద్యోగమైతే పంటు మీద ఆధారపడి ఇల్లు తీసుకోవద్దు. కొవ్వూరులో ఉండి రాజమండ్రిలో పనిచేసేవాళ్లు రోడ్డు కమ్ రైలు వంతెన మరమ్మతులకు మూసిన రోజుల్లో నాలుగో వంతెన మీదుగా వెళ్లాలి. ఆ దారికి ఎంతసేపు పడుతుందో కూడా ఓసారి వెళ్లి చూసుకోండి.

రైలు విషయంలో నాలుగు మాటలు. రాజమండ్రి హౌరా, చెన్నై మెయిన్ లైన్ మీద ఉంది, ఎటు వెళ్లడానికైనా బండి దొరుకుతుంది. కాకినాడ సామర్లకోట నుంచి చీలిన కొమ్మ. మెయిన్ లైన్ బండి ఎక్కాలంటే చాలాసార్లు సామర్లకోట దాకా వెళ్లాలి, కానీ హైదరాబాద్ వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్ కాకినాడలోనే బయల్దేరుతుంది కాబట్టి బెర్తు దొరికే వీలు ఎక్కువ. భీమవరం నిడదవోలు, గుడివాడల మధ్య డబుల్ లైన్ మీద ఉంది. అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి, నరసాపురం లైను వచ్చాక చూద్దాంలే అని దాన్ని లెక్కలో కలపకండి, పట్టాలు పడ్డాక కలుపుకోవచ్చు.

6. ఆసుపత్రి, స్కూలు, ఆఫీసులు

ఆసుపత్రుల సంఖ్య లెక్కపెట్టి లాభం లేదు. రాత్రి రెండింటికి గుండె నొప్పి వస్తే ఎక్కడికి వెళ్తారో, అక్కడికి ఎంతసేపో రాయండి. ఆ ఆసుపత్రికి రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, గుండె డాక్టరు రాత్రిపూట ఉంటారా, పిలిస్తే వస్తారా అడగండి. పెద్ద ఆపరేషన్లకు కోనసీమ లోపలివాళ్లు ఎక్కువగా కాకినాడకో రాజమండ్రికో వస్తారు, భీమవరంవాళ్లు ఏలూరు, విజయవాడ వైపు కూడా చూస్తారు. ఇంట్లో డయాలసిస్, గుండె, క్యాన్సర్ మందుల్లాంటివి నడుస్తుంటే ఈ ఒక్క అంశమే ఊరిని తేల్చేస్తుంది.

చదువుకి మీ పిల్లల వయసు చాలు. ఇంజినీరింగ్ పిల్లలు ఎలాగూ సీటొచ్చిన చోటికే పోతారు. కాకినాడలో జేఎన్‌టీయూ ఉందనో, తాడేపల్లిగూడెంలో నిట్ ఉందనో మూడో తరగతి పిల్లాడి కోసం ఊరు మారక్కర్లేదు. స్కూలు బస్సు మీ వీధి మొదట్లో ఆగుతుందా, ఎన్నింటికి ఎక్కిస్తారు? ఇది చాలు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక కలెక్టరేట్లూ మారాయి. ఇప్పుడు రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు అయిదూ జిల్లా కేంద్రాలే. పొలం ఒక జిల్లాలో, ఇల్లు ఒక జిల్లాలో ఉంటే ఏ కాగితానికి ఏ ఊరు వెళ్లాలో ముందే తెలుసుకోండి.

7. అద్దె తక్కువని పరుగెత్తకుండా ఖర్చు లెక్క

ఒక లెక్క చూపిస్తాను, మీ అంకెలు మీరు వేసుకోండి. ఉద్యోగం రాజమండ్రిలో. రావులపాలెంలో ఇల్లు నెలకు 3,000 రూపాయలు తక్కువకి వస్తోందనుకుందాం. దూరం సుమారు 30 కిలోమీటర్లు. రానుపోను 60, నెలకు 24 రోజులు, మొత్తం 1,440 కిలోమీటర్లు. బండి లీటరుకి 45 ఇస్తే 32 లీటర్లు. లీటరు 110 వేసుకుంటే 3,520 రూపాయలు. మిగిలిందనుకున్న అద్దె పోగా ఎదురు 520 చేతినుంచి పడింది. పైగా రోజుకి రెండు గంటల చొప్పున నెలకి 48 గంటలు రోడ్డు మీద. బస్సు పాసుతో వెళ్తే డబ్బు కాస్త మిగలొచ్చు, గంటలు మాత్రం మిగలవు.

లెక్కలో మర్చిపోయేవి:

- వాటర్ టిన్నులు, ఫిల్టరు సర్వీసు
- కాకినాడ తీరం వైపు ఉప్పు గాలికి ఏసీ అవుట్‌డోర్ యూనిట్, కిటికీ గ్రిల్స్, బండి చెడిపోవడం
- నెలకోసారి పెద్దవాళ్ల ఊరికి కుటుంబమంతా వెళ్లిరావడం
- అపార్టుమెంటు మెయింటెనెన్స్, జనరేటరు డీజిలు

8. ఊరు చూడడానికి వెళ్లడం

సంక్రాంతికి చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఆ వారం భీమవరం భీమవరంలా ఉండదు. లాడ్జి గదులు దొరకవు, ఊరంతా చుట్టాలు, అందరూ సరదాగా ఉంటారు, కుళాయిలు నిండుగా ఉంటాయి. వీలైతే రెండుసార్లు వెళ్లండి. మే చివర్లో ఒకసారి, ఆగస్టు, అక్టోబరుల మధ్య ఒకసారి. ఒక్కసారే వీలైతే పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే బయల్దేరండి.

బంధువుల ఇంట్లో దిగొద్దు. వాళ్లు మర్యాద చేస్తారు, మీకు ఊరు కనపడదు. చూడాలనుకున్న పేటకి దగ్గర్లో లాడ్జిలో దిగండి. వరస ఇలా పెట్టుకోండి:

- తెల్లవారుజామున: కుళాయి వదిలే వేళ. బిందెలు వరసలో ఉన్నాయా, మోటరు పెట్టి లాగుతున్నారా?
- ఎనిమిది, తొమ్మిది మధ్య: ఇంటి నుంచి ఆఫీసుకి, స్కూలుకి వెళ్లి చూడండి. ఆదివారం వెళ్లి చూసిన ట్రాఫిక్ లెక్కలోకి రాదు.
- మధ్యాహ్నం: పై అంతస్తయితే గదిలో అరగంట కూర్చోండి.
- సాయంత్రం దీపాలు పెట్టే వేళ: దోమలు. తలుపు తీసి నిలబడితే చాలు.
- రాత్రి తొమ్మిది తర్వాత: వీధి దీపాలు, మందుల షాపు, ఆటో దొరుకుతుందా? ఫ్యాక్టరీయో, రొయ్యల ప్లాంటో, చెత్త డంపో దగ్గర్లో ఉంటే వాసన ఏ వేళకి వస్తుందో అప్పుడు తెలుస్తుంది.

ఎవర్ని అడగాలి? బ్రోకర్ని వద్దు. ఇస్త్రీ బండాయన, వాటర్ టిన్నులు వేసే కుర్రాడు, మందుల షాపు, ఆటో స్టాండు. టిన్నుల కుర్రాడికి ఏ వీధి బోరు ఉప్పగా ఉందో ఇల్లిల్లూ తెలుసు. ప్రశ్న కూడా ఒడుపుగా వేయాలి. "ఇక్కడ నీళ్లు నిలుస్తాయాండి?" అంటే "లేదండి" అనేస్తారు. "మొన్న పెద్ద వానకి ఈ బండి ఎక్కడికి జరిపారండి?" అని అడిగి చూడండి. "ఆ గుడి మెట్ల దాకా తోసుకెళ్లామండి, మూడు రోజులు అక్కడే" అని మొత్తం చెప్పేస్తారు.

చూసొచ్చాక మార్కులు వేయండి. అయితే అన్ని మార్కులూ కూడి ఎక్కువొచ్చిన ఊరిని ఎంచుకోవడం తప్పు. నీళ్లు, ముంపు, రోజూ చేసే ప్రయాణం ఈ మూడూ గడపల్లాంటివి. ఏ ఒక్కటి దాటకపోయినా ఆ పేట పోటీలోంచి పోయినట్టే, మిగతావాటిలో వందకి వంద వచ్చినా సరే. మూడూ దాటినవాటి మధ్యే ఆసుపత్రి, ఖర్చు, రైలు, స్కూలు చూసి తేల్చండి. భార్యాభర్తలు విడివిడిగా వేసి, తర్వాత ఎదురెదురుగా పెట్టుకోవాలి. కలిసి వేస్తే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల ఊరు గెలుస్తుంది.

9. అద్దెకు దిగేవాళ్లకి

ఇళ్ల గిరాకీ ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ, జూన్‌లో బడులు తెరుస్తారు కనక. ఆషాఢంలో పాలు పొంగించడానికి చాలామంది ఇష్టపడరు, ఖాళీ ఇల్లుగలాయన బేరానికి వస్తాడు. మీకు ఆ పట్టింపు లేకపోతే అదే మంచి అదను, పైగా వానల్లో ఇల్లు చూసినట్టూ ఉంటుంది.

"మీరేమిట్లు?" (అంటే ఏ కులం) అన్న ప్రశ్న ఇంకా చాలాచోట్ల వస్తుంది, మాంసం వండుతారా అన్నదీ వస్తుంది. బాగాలేని ఆచారమే. కానీ అది వచ్చే ఇళ్లున్నాయని తెలుసుకుని, చూడాల్సిన ఇళ్ల జాబితా కాస్త పొడుగ్గా పెట్టుకోండి. అడిగిన తీరు నచ్చకపోతే ఆ ఇంట్లో ఏడాది కాపురం ఎలా ఉంటుందో కూడా తెలిసిపోయినట్టే.

రాజమండ్రిలో ఘాట్ల దగ్గర చూస్తున్నవాళ్లు 2027లో పుష్కరాలున్నాయని గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో వీధుల్లోకి బండ్లు వదలరు, ఇంటినిండా చుట్టాలు. అద్దె ఒప్పందంలో మధ్యలో పెంచకూడదన్న మాట రాయించుకోండి.

కొందామనుకునేవాళ్లు కూడా ముందు ఆ పేటలోనే అద్దెకుండి ఒక వానాకాలం, ఒక వేసవి గడపడం నా సలహా. వృథా అద్దె అంటారు. తప్పు స్థలం కొన్నదానికన్నా చవక.

10. స్థలమో ఇల్లో కొనేవాళ్లకి

ముందు కొలత సరిచూసుకోండి. ఒకచోట సెంటు ధర చెబుతారు, ఒకచోట గజం ధర, కోనసీమ పల్లెల్లో కుంచం అంటారు. సెంటు అంటే 48.4 గజాలు, కుంచం అంటే పది సెంట్లు. అన్నిటినీ గజాల్లోకి మార్చి రాస్తే తప్ప రెండు ఊళ్ల ధరలు పోల్చలేం. ఈ ఒక్క తికమకలో ఖరీదైన స్థలం చవకగా కనిపించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

కాగితాలు:

- ముప్పై ఏళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లన్నీ
- సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదని
- లేఅవుట్‌కి ఎల్పీ (అనుమతి) నంబరు, 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు
- కాలువ గట్టు, డ్రైను పోరంబోకు కాదని సర్వేయరు చేత కొలిపించడం
- సముద్రం, ఉప్పుటేర్ల దగ్గరైతే సీఆర్‌జడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) పరిధి. సముద్రం ఒడ్డున పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు కట్టడాలకి ఆంక్షలుంటాయి.

కోనసీమ, నరసాపురం వైపు కొనేవాళ్లు ఇంకొకటి చూడాలి. నేలకింద గ్యాస్, చమురు పైపులైన్లు పోతుంటాయి. పొలంగట్ల మీద గుర్తు రాళ్లు, బోర్డులు కనిపిస్తాయి. పైపులైను పోయే నేల మీద కట్టడం చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచినా 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. గుర్తు రాయికీ స్థలానికీ మధ్య దూరం కొలిచి రాసుకోండి.

నేల సంగతి: రొయ్యల చెరువులు పూడ్చి వేసిన లేఅవుట్లలో ఉప్పు ఊట గోడల్లోకి ఎక్కుతుంది. పక్క ఇంటి పునాది దగ్గర సున్నం రాలుతోందా చూస్తే తెలుస్తుంది. నల్లరేగడి నేలల్లో మామూలు పునాది చాలదు, పైలింగ్ వేస్తారు. ఆ ఖర్చు స్థానిక మేస్త్రీని కాదు, ఇంజినీరుని అడగండి.

చివరగా మెరక లెక్క. 150 గజాల స్థలం అంటే 1,350 చదరపు అడుగులు. రోడ్డుకి మూడడుగుల పల్లంలో ఉంటే 4,050 ఘనపుటడుగుల మట్టి కావాలి. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు కాబట్టి 40 యూనిట్ల పైమాటే. అదీ రోడ్డు మట్టానికి రావడానికే. తొక్కించాక కుంగేది, రోడ్డు కన్నా ఎత్తు లేపేది అదనం. ఆ ఊళ్లో యూనిట్ గ్రావెల్ తోలడానికి ఎంత తీసుకుంటున్నారో ట్రాక్టరు వాళ్లను అడిగి, ఆ మొత్తాన్ని స్థలం ధరకి కలిపి, అప్పుడు పక్క ఊళ్లోని మెరక స్థలంతో పోల్చండి. బేరం ఆడేది కూడా ఈ కాగితం చేతిలో పెట్టుకునే.